నలుగురు దేవుళ్ళు, నాలుగు కిలోలు

గుండె బాగుపడాలని ఉపవాసాలు మొదలుపెట్టి, మూడు నెలల్లో నాలుగు కిలోలు పెరిగిన మనిషి నిజామాబాద్ జిల్లాలో నేనొక్కడినే అయి ఉంటాను. ఇంకెవరైనా ఉంటే వాళ్ళూ నాలాగే నోరు మూసుకుని ఉంటారు. ఆ మూడు నెలలూ అదే నోరు మూసుకుని ఉంటే ఇదంతా రాయాల్సిన పనే ఉండేది కాదు.

నా ఉద్యోగం బరువులు చెప్పడం. బోధన్ రోడ్డు మీద ఒక ధర్మకాంటలో ఇరవై ఏళ్ళుగా కూర్చుంటున్నాను. లారీ వచ్చి ఇనుప పలక మీద నిలబడుతుంది, నా ముందున్న డబ్బాలో ఎర్ర అంకెలు వెలుగుతాయి, కిటికీలోంచి చీటీ అందిస్తాను. ధర్మం పేరులో ఉంది, కాంట సేటుది, కుర్చీ మాత్రం నాది. మొదట్లో అన్నీ చెరకు బండ్లే. చక్కెర ఫ్యాక్టరీ గేటుకు తాళం పడ్డాక చెరకు సన్నగిల్లి వడ్లు లావయ్యాయి. ఎండలు ముదిరే వేళకు మోర్తాడ్ వైపు నుంచి పసుపు వస్తుంది. ఆ నెలలో నా చొక్కాలు పెళ్ళికొడుకు చొక్కాల్లా ఉంటాయి.

రోజంతా ఊరి బరువు చెప్పేవాడికి తన బరువు తెలియకపోవడం వింతేమీ కాదు. మా కాంట పదేసి కిలోల లెక్కన చెబుతుంది. బండ్లు లేని పూట నేనెక్కి నిలబడితే తొంభై అనేది. పూరీలు తిని ఎక్కినా తొంభై, తినక ఎక్కినా తొంభై. అంతటి మర్యాదస్తురాలు. ఒకరోజు మాత్రం మర్యాద పక్కన పెట్టి నూరు అంది. డబ్బా చెడిపోయిందేమోనని సేటుకు చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, డబ్బా మంచిగనే ఉన్నదన్నాడు.

మా ఆవిడ పోయి నాలుగేళ్ళు. పిల్లలు లేరు. ఆమె పోయాక ఇంట్లో పొయ్యి చాయ్‌కే వెలిగేది. పొద్దున పూరీ, మధ్యాహ్నం డ్రైవర్ల హోటల్లో బగారా అన్నం, సాయంత్రం మిర్చీలు. ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడాలంటే ఏదో ఒకటి తింటూనే మాట్లాడాలి. ఊరికే కూర్చున్నవాడిని హోటలువాడు ఊరుకోనివ్వడు కదా. కాబట్టి మాటల కోసం తిన్నాను. ఎంత మాటకారినయ్యానో నా నడుము చూస్తే తెలిసేది.

నేనుండే గది మేడ మీద. ఇరవై రెండు మెట్లు. ఒక సాయంత్రం పదకొండో మెట్టు మీద ఊపిరి అందలేదు. కమ్మి పట్టుకుని, వీధిలో ఏదో చూస్తున్నట్టు నిలబడ్డాను. మర్నాడూ అదే మెట్టు, అదే నటన. మూడోనాడు కింద బట్టలు ఆరేస్తున్న ఇంటావిడ, రోజూ ఆడ నిలవడి ఎవరి కోసం చూస్తున్నరని అడిగింది. ఎవరూ లేరని చెప్పడానికి కూడా ఊపిరి చాలలేదు.

నిజామాబాద్‌లో ఆసుపత్రులన్నీ ఉండే ఖలీల్‌వాడిలో ఒక గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నాకంటే చిన్నవాడు, మనిషి సన్నం, మాట నిదానం. నా ఛాతీ మీద చల్లటి జిగురు రాసి, తెర మీద నా గుండెను నాకే చూపించాడు. ఇన్నేళ్ళు నా లోపలే ఉన్న దాన్ని అప్పుడే మొదటిసారి చూడటం. ఒంటరిగా, చీకట్లో, ఎవరూ చూడకపోయినా తన పని తాను చేసుకుంటోంది. కాంట దగ్గర నేను గుర్తొచ్చాను.

ఆయన చెప్పింది ఇది. ఒళ్ళు పెరిగే కొద్దీ గుండె ఎక్కువ రక్తం పంపాలి. రక్తపోటు కూడా తోడైతే ఎక్కువ జోరుతో నెట్టాలి. ఎక్కువ పనిచేసిన కండ దళసరి అయినట్టే గుండె గోడ కూడా దళసరి అవుతుంది. "చేతి కండ పెరిగితే పహిల్వాన్ అంటరు. గుండె కండ పెరిగితే పేషెంట్ అంటరు," అన్నాడు. గోడ ఇప్పుడిప్పుడే దళసరి అవుతోంది, బరువు తగ్గితే వెనక్కి వచ్చే అవకాశం ఉంది, ఇలాగే వదిలేస్తే ఒకనాటికి గుండె అలిసిపోతుంది, అలిసిన గుండెను మళ్ళీ నిలబెట్టడం కష్టం. రెండు గోలీలు రాసి, తిండి తగ్గించి నడవమని, మూడు నెలలకు మళ్ళీ తెర మీద చూద్దామని పంపించాడు.

తిండి తగ్గించడానికి ఒక్కటే అడ్డం. అది మా అక్క.

అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. అక్కకు పదహారు. నన్ను పెంచింది ఆమే. ఆమె కాపురం బోధన్ దాటి రెంజల్ పోయే దారిలో ఒక పల్లెలో. ఒకప్పుడు చెరకు, ఇప్పుడు వరి. ప్రతి ఆదివారం నేను బస్సెక్కి ఆమె దగ్గరికి అన్నానికి పోతాను. వారంలో నా ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉండగా తినే కూడు అదొక్కటే. అక్క వడ్డన సంగతి చెప్పాలంటే, మా దిక్కు వడ్డించేవాళ్ళు పెట్టడం సగం, బతిమాలడం సగం. వద్దని చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పెడతారు. కంచం ఎత్తితే గాలిలోనే పెడతారు. కంచంలో ఖాళీ కనిపిస్తే ఆమెకు అది నేలలో బొక్క కనిపించినట్టే, పూడ్చేదాకా నిలవదు. పైగా బావ. బావా బామ్మర్దుల సరసం ఎంత దూరం పోయినా తప్పు లేదని మా దిక్కు రివాజు. ఆ రివాజును మా బావ ఒక్కరోజు కూడా వృథా పోనివ్వలేదు.

డాక్టరు తక్కువ తినమన్నాడని అక్కతో అంటే ఆమె చేతిని తప్పుపట్టినట్టు అవుతుంది. అందుకని ఆ ఆదివారం, కంచం ముందు కూర్చున్నాక, ఇవాళ నాకు ఒక్కపొద్దు అన్నాను.

అక్క గరిటె ఆగింది. ఏ దేవునికి అని అడిగింది. ఆదివారం ఏ దేవుడిదో నాకు వెంటనే తోచలేదు. మల్లన్నకు అన్నాను. అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెళ్ళాం పోయినప్పటి నుంచి దేవుని మొహం చూడని తమ్ముడికి ఇన్నాళ్ళకు భక్తి కలిగిందని ఆమె సంతోషం. కోడికూర పక్కన పెట్టి లోపలికి పోయింది. నేను గెలిచాననుకున్నాను.

మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ళలో ఒక్కపొద్దు అంటే ఏమిటో నాకు తెలియనిది కాదు, గుర్తుకు రాలేదు, అంతే. పక్కింటి మరాఠీ ఆవిడ దగ్గర అక్క సాబుదాన కిచిడీ ఎప్పుడో నేర్చుకుంది. సగ్గుబియ్యం, ఆలుగడ్డలు, వేయించి దంచిన పల్లీలు, ఇంత నెయ్యి. అన్నం ముట్టొద్దు గానీ దీన్ని ఎంతైనా ముట్టొచ్చు. ఒక పళ్ళెం తిన్నాక, ఉపాసమున్న మనిషి నీరసపడతాడని ఇంకో పళ్ళెం. పైన అరటిపండ్లు, ఖర్జూరాలు, చక్కెర వేసిన పాలు. పొద్దు గూకాక ఒక్కపొద్దు విడవాలి కాబట్టి బెల్లం పరమాన్నం. మామూలు ఆదివారం ఒక పూట తినేవాడిని, ఒక్కపొద్దు పుణ్యమా అని రెండు పూటలు తిని ఆఖరి బస్సెక్కాను.

తెలివైనవాడు అక్కడ ఆగేవాడు. నేను మాత్రం ఉపవాసం మంచిదే కదా, ఇంకొన్ని ఉంటే ఇంకా మంచిదనుకున్నాను. సోమవారం శివుడు, గురువారం సాయిబాబా, శనివారం ఆంజనేయుడు వచ్చి చేరారు. ఆ మూడు రోజులూ ఫలహారం. హోటలు పక్క బండి మీద అరటిపండ్లు, దుకాణంలో ఉపాసపు చిప్స్, రెండు పూటలా పాలు. ఆ మిగిలిన మూడు రోజులు, ఉపవాసాలు ఉంటున్నాను కదా అన్న ధీమాతో బగారా అన్నం. ఒళ్ళు తూచుకోవడానికి ఒక చిన్న కాంట కూడా కొన్నాను. చెరకు బండి తూకంలో ఆకు, మన్ను కింద కొంత కోత కోయడం మాకు అలవాటు. అదే అలవాటుతో చొక్కాకు ఇంత, బెల్టుకు ఇంత, తాగిన నీళ్ళకు ఇంత అని కోసుకుంటూ వచ్చాను. అంత కోసినా మూడు నెలలకు నాలుగు కిలోలు పెరిగాను. నలుగురు దేవుళ్ళు, తలా ఒక కిలో. ఫలహారం ఫలించింది, కాకపోతే పొట్ట దగ్గర.

ఇక నడవడమంటారా, ఉపవాసమున్న మనిషి నడిస్తే కళ్ళు తిరుగుతాయని నడవలేదు.

మూడు నెలలు నిండే వారంలో ఒక మధ్యాహ్నం పసుపు లారీ వచ్చి వెనక చక్రం పలక మీదికి పూర్తిగా ఎక్కకుండా ఆగింది. డ్రైవరుకు చెప్పడానికి బయటికి నడిచాను. నిండా ముప్పై అడుగులు లేవు. పలక దాకా పోయేసరికి ఛాతీలో ఎవరో కూర్చున్నట్టయింది. లారీ టైరుకు ఆనుకుని జారి కూర్చున్నాను. డ్రైవరు పెద్దాయన. దిగి వచ్చి నీళ్ళు తాగించి, నా పక్కనే నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి నా అవస్థంతా చెప్పాను, ఉపవాసాలతో సహా. ఆయన నవ్వలేదు.

"లోడు దించితే సరిపోతదా అన్నా," అన్నాడు. "ఫ్యాక్టరీ బందయినంక మావోళ్ళ లారీ రెండేండ్లు షెడ్డుల నిలవెట్టిన్రు. ఒక్క బస్తా లోడు లేదు దాని మీద. ఇంజను పట్టేసింది. ఇంజనుకు లోడు తగ్గాలె, తిరుగుడూ ఉండాలె. నువ్వు లోడూ దించలే, తిరుగుడూ లేదు."

ఇరవై ఏళ్ళు లారీల మధ్య కూర్చున్నవాడికి లారీ సంగతి ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.

డాక్టరు ఈసారి తెర నా వైపు తిప్పలేదు, తనే చూసుకున్నాడు. రక్తపోటు చూశాడు, మళ్ళీ చూశాడు, ఇంకో గోలీ పెంచాడు. గోడ తగ్గలేదన్నాడు. ఉపవాసం నాడు ఏమేం తింటారని అడిగితే వరసగా చెప్పాను. పరమాన్నం దగ్గరికి వచ్చేసరికి ఆయన కలం కింద పెట్టాడు.

"దీన్ని ఉపవాసం అనరు. పండుగ అంటరు," అన్నాడు. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, పసిపిల్లవాడికి చెప్పినట్టు మొదటి నుంచి చెప్పాడు. సగం కంచం కూరలు, పావు కంచం పప్పు, మిగిలిన పావులో జొన్న రొట్టె. ఉప్పు చెంచా చూసి వేసుకోవడం. పస్తులు వద్దు, పండుగలు వద్దు. రోజూ నలభై నిమిషాలు నడక. ఎంత వేగంగా అంటే, నడుస్తుంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వేగంగా తగ్గాలని చూడొద్దు, నెలకు రెండు కిలోలు తగ్గినా గుండెకు తెలుస్తుంది. "మీ గుండె ఇంకా మీ మాట వింటున్నది. వినకుండయ్యే దాకా చూడకున్రి." ఆ ఒక్క మాట బస్టాండు దాకా నా వెంట వచ్చింది.

ఆ ఆదివారం అక్కకు నిజం చెప్పాను. కిచిడీ పళ్ళెం నా ముందు పెట్టింది. పక్కన బావ కోడికూర ముందు కూర్చున్నాడు.

"అక్కా, ఒక్కపొద్దు లేదు, మల్లన్న లేడు," అన్నాను. "గుండె గోడ దళసరైందట. డాక్టర్ తిండి తగ్గియ్యుమన్నడు. నీకు చెప్పనీకి మొఖం చెల్లక గట్లన్న."

బావ ఎముక పక్కన పెట్టి, "గుండె గోడ కాదు బామ్మర్ది, నీది నోటి దర్వాజ పాడైంది. దానికో గొళ్ళెం పెట్టుకో," అన్నాడు. అక్క మాత్రం నా వైపే చూస్తోంది.

"మూడు నెల్లు దేవుని పేరు చెప్పి నాతోని అబద్ధమాడినవా తమ్మీ?"

తల ఊపాను.

"నా చేతి కూడు తినే నీ గుండె ఖరాబైందంటవా?"

అది కాదక్కా అన్నాను. హోటలు తిండి, మిర్చీలు, ఏవేవో చెప్పాను. ఆమె పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది. చాలాసేపటి వరకు రాలేదు. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే గడప దగ్గరికి వచ్చింది. మా దిక్కు ఎవరినీ పో అనరు, పోయిరా అంటారు. ఆ రోజు అక్క పో వరకే అంది.

తర్వాతి ఆదివారం ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాతి ఆదివారం నేనే చెయ్యలేదు.

పొద్దున్నే గ్రౌండుకు నడకకు పోవడం మొదలుపెట్టాను. అక్కడ జంటలు, గుంపులు. రిటైరైన సార్లు నలుగురు వరుసగా నడుస్తూ తమ పింఛన్లు, మోకాళ్ళు చెప్పుకుంటారు. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి అన్నాడు కదా డాక్టరు. నాకు మాట్లాడటానికి ఎవరూ లేరు కాబట్టి నా వేగం సరిగ్గా ఉందో లేదో తేలేది కాదు. గ్రౌండు మానేసి వీధుల్లో నడవసాగాను. బోర్డులు పైకి చదివేవాడిని. ఇచ్చట ప్లాట్లు అమ్మబడును. పండ్లు నొప్పి లేకుండా తీయబడును. మా వద్ద పెండ్లి కార్డులు దొరుకును. ఒక బోర్డు మధ్యలో ఊపిరి తెగితే వేగం తగ్గించాలి. చివరిదాకా హాయిగా చదవగలిగితే పెంచాలి. మొదటి వారం రెండే మాటలున్న బోర్డులు దాటలేదు. దుకాణాలు తెరవకముందే బోర్డులతో మాట్లాడే మనిషినని ఆ వీధుల్లో నాకు కొంత పేరు వచ్చింది.

జొన్న రొట్టె చెయ్యడం మా ఆవిడకు వచ్చు. ఆమె చేస్తుండగా వందసార్లు చూశాను. చూడటం వేరు, చెయ్యడం వేరు. వేడినీళ్ళు పోసి పిండి కలిపి చేత్తో తడితే మొదటిది మహారాష్ట్ర పటంలా వచ్చింది. రెండోది సరిహద్దులు లేని దేశంలా వచ్చింది. మూడు వారాలకు గుండ్రం అనదగినది ఒకటి వచ్చింది. దాన్ని పెనం మీద చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది. మాడిపోయింది.

పొద్దున లేవగానే మణికట్టు మీద వేళ్ళు పెట్టి నాడి లెక్కపెట్టుకునేవాడిని. డాక్టరు చెప్పలేదు, నాకే ఒక తోడు కావాలి. మొదట్లో అది తరుముకొస్తున్నట్టు కొట్టుకునేది. రెండో నెల దాటాక నెమ్మదించింది. రెండు దెబ్బల మధ్య కాస్త జాగా దొరికింది. లారీలు లేని మధ్యాహ్నం లాగా ఉండేది ఆ జాగా. పదకొండో మెట్టు దగ్గర ఆగడం మానేశానని ఇంటావిడ అంటే తెలిసింది. ఇప్పుడు ఎవరి కోసమూ చూస్తలేరా అని అడిగింది. గురక తగ్గిందా లేదా అన్నది మాత్రం ఇప్పటికీ తెలియదు. అది చెప్పవలసిన మనిషి నాలుగేళ్ళ కిందే పోయింది.

సన్నబడితే అభినందిస్తారని అనుకునేవాడు మా ఊరివాడు కాడు. డ్రైవర్ల హోటలువాడు షుగరా అని గుసగుసగా అడిగాడు. సేటు, రిపోర్టులు ఏమన్నా ఉంటే దాచకుండా చెప్పమన్నాడు. సంతలో కనిపించిన ఒకాయన ఒక్క మాటా అడగకుండా నా భుజం నొక్కి పోయాడు. ఇంత దయ నేను లావుగా, నిజంగా జబ్బుగా ఉన్నప్పుడు ఎవరూ చూపించలేదు. పెద్ద కాంట మీదికి ఎక్కితే మళ్ళీ తొంభై అంది. మర్యాద తిరిగి నేర్చుకున్నట్టుంది.

ఆదివారాలే గడిచేవి కావు. ఆ పూట బోధన్ బస్సు బస్టాండు నుంచి బయలుదేరే వేళకు నడకకు పోయేవాడిని. బస్సు పక్కనుంచి పోయేది. ఒకసారి కండక్టరు గుర్తుపట్టి, ఆపాలా అన్నట్టు చెయ్యి ఊపాడు. వద్దన్నట్టు నేనూ ఊపాను. ఆ పూట ఎంత పెద్ద బోర్డునూ ఆగకుండా చదవగలిగేవాడిని, చదవబుద్ధి కాలేదు. గుండె బాగుపడుతోందని తెలుస్తూనే ఉంది. ఆ గుండెలో ఉండాల్సిన మనిషితో మాత్రం మాటలు లేవు.

రెండోసారి మూడు నెలలు నిండాయి. మళ్ళీ జిగురు, మళ్ళీ తెర. డాక్టరు అటూ ఇటూ తిప్పి కొలిచాడు. గోడ కొద్దిగా పలచబడింది, పూర్తిగా కాదు, ఇలాగే పోతే ఇంకా తగ్గుతుందన్నాడు. రక్తపోటు దిగింది. పెంచిన గోలీ తీసేశాడు. ఏడు కిలోలు తగ్గానంటే, "గోడ తగ్గింది బరువు తగ్గినందుకే కాదు, నడిచినందుకు గూడా," అన్నాడు. "ఇంట్లోవాళ్ళకు చెప్పున్రి, సంతోషపడతరు."

కాగితం పట్టుకుని బయటికి వచ్చి ఒక మందుల దుకాణం బల్ల మీద కూర్చున్నాను. ఖలీల్‌వాడిలో ఎవరి చేతిలో చూసినా ఒక కాగితం, ప్రతి కాగితం పక్కన ఒక మనిషి. నా కాగితం మంచిది, పక్కన మాత్రం ఎవరూ లేరు. ఇంట్లోవాళ్ళంటే నాకు ఎవరో అంతసేపు ఆలోచించాల్సిన అవసరం లేదు. ఫోను చేశాను. బావ ఎత్తాడు.

"బతికే ఉన్నవా బామ్మర్ది? సగమైనవట. మిగిలిన సగం ఎవరికిచ్చినవ్?"

రిపోర్టు సంగతి చెప్పలేదు. వచ్చే ఆదివారం మీ ఇద్దరూ నా దగ్గరికి అన్నానికి రాండ్రి అన్నాను. మా ఆవిడ పోయాక నా ఇంట్లో ఎవరూ తినలేదు. బావ పక్కకు తిరిగి అక్కతో ఏదో అన్నాడు. ఆమె ఏమందో వినిపించలేదు. వస్తమట అన్నాడు.

ఆ శనివారమంతా సామాన్లు తోముకున్నాను. అటక మీది నుంచి మా ఆవిడ కంచాలు మూడు దించాను.

వాళ్ళు వచ్చిన చప్పుడు మెట్ల మీద వినిపించింది. అక్క ముందు వచ్చింది. బావ ఇంకా కిందే ఉన్నాడు. తొంగి చూస్తే సగం మెట్ల మీద కమ్మి పట్టుకుని నిలబడి వీధి చూస్తున్నాడు. ఏం చూస్తున్నాడో నాకు తెలుసు. చెంబుతో నీళ్ళు తీసుకుని దిగి, ఆయనతో పాటు ఒక్కో మెట్టూ ఎక్కాను.

అక్క నన్ను కూర్చోబెట్టి మెడ కింద ఎముక మీద వేలు పెట్టి చూసింది. బొక్కలు తేలినయి అంది. నేను కాగితం తీసి ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. బావకిచ్చింది. ఆయనకు తెలుగు వచ్చు గానీ ఆ కాగితం రాదు. నేనే చెప్పాను. గోడ తగ్గుతోందని, ఒక గోలీ తీసేశాడని.

"నా కూడు మానినంకనే తగ్గిందా?" అంది అక్క. నన్ను కాదు, కాగితాన్ని అడిగినట్టు.

"నీ కూడు కాదక్కా. నేను నడవంగ తగ్గింది. ఆదివారాలు ఎక్కువ నడిచిన."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. కంచాలు ఎక్కడున్నాయని అడిగి లేవబోయింది. నేను కూర్చోబెట్టాను. ఇవాళ వడ్డించేది నేను.

జొన్న రొట్టెలు, గంగవాయిలి ఆకుకూర పప్పు, నూనె లేనట్టు వేయించిన బెండకాయలు, కీర ముక్కలు, నానబెట్టిన పెసలు. కోడి లేదు. బావ కంచం వైపు, వంటింటి వైపు, మళ్ళీ కంచం వైపు చూశాడు. ఒక రొట్టె తిని చెయ్యి ఆపాడు. సాలు అన్నాడు.

అప్పుడు మొదలుపెట్టాను. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో నాకు జరిగిందంతా నాకు కంఠతా వచ్చు. బామ్మర్ది ఇంటికొచ్చి ఒక్క రొట్టెతోని లేస్తవా బావా, నా ఇజ్జత్ తీస్తవా అన్నాను. చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ళ సందుల్లోంచి పెసలు పోశాను. కంచం ఎత్తాడు. గాలిలోనే కీర ముక్కలు పెట్టాను. ఇన్ని రోజులకు వచ్చినవు, నామీద పేమ లేదా అన్నాను. బావ ముఖం చూడాల్సిందే. రివాజును కాదనలేడు, కీర ముక్కను ఔననలేడు. మూడో రొట్టె సగంలో అక్క నవ్వింది. మూడు నెలల్లో విన్న మొదటి నవ్వు. నోట్లో పప్పు ఉండగానే నవ్వింది.

ఆ పప్పు మింగి, నాలుక మీద ఒకసారి తిప్పుకుని, ఉప్పు లేనట్టున్నది తమ్మీ అంది.

చప్పగానే ఉందక్కా అన్నాను. ఆమె ఉప్పు డబ్బా కోసం అలమర వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది. నేను లేవలేదు. ఇంకో గరిటె పప్పు ఆమె కంచంలో వేసి, పక్కన కూర్చుని, తినేదాకా చూశాను.